నేను పుట్టిన నెల పువ్వు

బుదైయా రోడ్డు మీద ఖర్జూరపు తోటలు మొదలయ్యేచోట ఒక మొక్కల నర్సరీ ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను అందులో ఆరేళ్లు పనిచేశాను. మా ఊరివాళ్ల లెక్కలో నేను ‘దుబాయి’లో ఉన్నట్టే. బహ్రెయిన్ అని చెబితే, "అది దుబాయిల ఏ దిక్కుంటది?" అని అడిగేవాళ్లు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి నేనూ దుబాయి అనడమే అలవాటు చేసుకున్నాను.

నాతో పాటు విమానం ఎక్కినవాళ్లంతా కట్టుబడి పనుల్లో చేరారు. క్యాంపుల్లో ఒక్కో గదికి ఎనిమిది మంది. నాకు మాత్రం నర్సరీ వెనక, ఎరువు బస్తాలు పెట్టే షెడ్డు పక్కన, ఒంటరి గది ఇచ్చారు. కిటికీ, కూలరు, సొంతంగా ఒక పొయ్యి. "నీకేందిరా, రాజువు" అనేవాళ్లు క్యాంపువాళ్లు. రాజునే. పగలు పనికొచ్చే ఇద్దరు బంగ్లాదేశీలు సాయంత్రం సైకిళ్లెక్కి వెళ్లిపోయాక ఆ ఆవరణలో మొక్కలు, పైపులు, నేను. శనివారం నుంచి గురువారం దాకా నా నోటినుంచి ఒక్క తెలుగు మాట బయటికి వచ్చేది కాదు. పనిలో హిందీ, యజమానితో సగం అరబీ. ఒక శుక్రవారం మనామా బస్టాండు దగ్గర మనవాళ్లను కలిసినప్పుడు ‘గొంగడి’ అన్న మాట ఎంతకీ గుర్తుకురాక, చేతులతో కప్పుకున్నట్టు చూపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, తిరుగు బస్సులో కూర్చున్నాక భయం వేసింది.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మంచివాడే. తక్కువ మాట్లాడేవాడు. ఆయన రెండో కూతురు కాలేజీలో చదువుతుండేది. ఆ అమ్మాయికి వ్యాపారం మీద ఆసక్తి. ఒక చలికాలం ఆమెకో ఆలోచన వచ్చింది. ఇంగ్లీషువాళ్లలో ఒక్కో నెలలో పుట్టినవాళ్లకు ఒక్కో పువ్వు ఉంటుందట. పుట్టినరోజులకు కానుకగా ఇచ్చుకునేట్టు నెలనెలా ఆ పువ్వునే కుండీల్లో పెట్టి, దాని అర్థం రాసిన చీటీ కట్టి అమ్ముదామని తండ్రిని ఒప్పించింది.

నేను బొంబాయి దగ్గర భివండీలో పదో తరగతి దాకా చదివాను. మాది మగ్గాల ఇల్లు. నాన్న మా ఊరు వదిలి భివండీ మరమగ్గాల మీద బతకడానికి వెళ్లినప్పుడు అక్కనూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. అక్కడ చదువుకున్న ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా వచ్చేవి. అందుకని చీటీలు రాసే పని నామీద పడింది. గల్లాపెట్టె పక్కన గోడకు ఆ అమ్మాయి పెద్ద అట్ట ఒకటి అంటించింది. పన్నెండు గళ్లు, పన్నెండు బొమ్మలు. జనవరికి కార్నేషన్, మార్చికి డాఫొడిల్. పేర్లు చదువుతుంటే నాకు సంబంధం లేని ఊరి చుట్టాల పేర్లలా ఉన్నాయి. అక్టోబరు గడి దగ్గరికి వచ్చేసరికి బంతిపువ్వు కనిపించింది. నవంబరుకు చామంతి. నా కళ్లు నేనే నమ్మలేదు. బతుకమ్మ పేర్చే నెలకు ఇంగ్లీషువాళ్లూ బంతిపువ్వే రాసుకున్నారా!

"నీ నెల ఏది?" అని ఆ అమ్మాయి అడిగింది.

"జూన్. ఒకటో తారీఖు."

"అయితే నీకు గులాబీ. అందరికన్నా మంచిది నీకే వచ్చింది."

ఆ శుక్రవారం బస్టాండు దగ్గర ఈ సంగతి చెప్పాను. మాలో ఒక పెద్దాయన ఉండేవాడు. మేస్త్రీ. మా పక్క మండలం. నాకు వరస కాకపోయినా, అందరితో పాటు నేనూ కాకా అని పిలిచేవాణ్ని. నా గులాబీ సంగతి విని కాక పొట్టపట్టుకుని నవ్వాడు.

"అరే, జూన్ ఒకటా? నాదీ జూన్ ఒకటే. ఈడ ఎవన్ని అడిగినా జూన్ ఒకటో, జులై ఒకటో. బడిల సారు రాసిండు, పాస్‌పోర్టోడు అచ్చేసిండు. మనందరికీ గులాబీలేనట్టు! మొగపెళ్లివారం అన్నమాట."

అందరం నవ్వుకున్నాం. ఆ తారీఖు అబద్ధమని నాకు తెలియక కాదు. బడి రిజిస్టరులో పడిన తారీఖు అని తెలుసు. కానీ నిజం ఏదన్న ప్రశ్న అప్పటిదాకా నాకు రాలేదు. పుట్టినరోజు అనేది మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఫిబ్రవరి గడిలో రెండు పువ్వులున్నాయి, వయొలెట్, ప్రిమ్‌రోజ్. హాలండు నుంచి మొక్కలు పంపేవాడి దగ్గర వయొలెట్ దొరకలేదు. ప్రిమ్‌రోజ్ ట్రేలు జనవరి చివర్లో వచ్చాయి. నేను ఆ మొక్కను చూడడం అదే మొదలు. అరచేయంత మొక్క. ముల్లంగి ఆకులాంటి గరుకు ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. వాటి నడుమ గుత్తిగా పూలు, ఎరుపు, ఊదా, పసుపు. ప్రతి పువ్వు మధ్యలో పసుపు చుక్క. ఎండ తగిలితే పొద్దున్నే తల వాల్చేసేవి. షేడ్ నెట్ కింద, నీటి తొట్టి పక్క చల్లటి మూలలో పెట్టి కాపాడాల్సి వచ్చింది. దాని చీటీ మీద రాయాల్సిన అర్థం ఆ అమ్మాయి ఒక కాయితం మీద రాసిచ్చింది: నువ్వు లేకుండా నేను బతకలేను. ఆ వాక్యం నలభై చీటీల మీద నలభైసార్లు రాశాను. చేయి నొప్పి తప్ప మరేమీ అనిపించలేదు.

ఆ పూలకోసం మొదట వచ్చింది ఒక ఇంగ్లీషు ముసలావిడ. దగ్గర్లోనే ఒక విల్లాలో ఉండేది. ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉండడం వల్ల పనివాళ్ల దగ్గర నేర్చిన హిందీ ఆమెకు బాగానే వచ్చు. ముందు ఆరు కుండీలు తీసి బండిలో పెట్టించింది. తిరిగి చూసుకుని, "కాదు, పదమూడు ఇవ్వు" అంది.

"పదమూడా మేడమ్? డజను తీసుకోండి, లెక్క కుదురుతుంది" అన్నాను.

"పదమూడే కావాలి. మా అమ్మమ్మ కోళ్లు పెంచేది. ఏడాదిలో మొదటిసారి ప్రిమ్‌రోజ్‌లు ఇంట్లోకి తెస్తే పదమూడుకు తక్కువ తేకూడదనేది. ఎన్ని పూలు తెస్తే ఒక్కో కోడి కింద అన్నే పిల్లలు అవుతాయట. నేను చిన్నప్పుడు తెలియక ఒకే పువ్వు తెచ్చాను. ఆ సంవత్సరం కోళ్లు గుడ్లు సరిగ్గా పొదగలేదని ఎండాకాలం దాకా నన్ను తిట్టింది."

నాకు నవ్వొచ్చింది. మా అక్కకూ కోళ్లున్నాయి. గుడ్లు పొదగేసేటప్పుడు అక్క కూడా సరిసంఖ్య పెట్టదు. ఆ మాట చెబితే మేడమ్ కళ్లు పెద్దవి చేసి విన్నది. ఆ రోజు నుంచి వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేది. ఏదో ఒక చిన్న వస్తువు కొని, నీటి తొట్టి గట్టుమీద కూర్చునేది. నా పని ఆగకుండా మాట్లాడేది. ఆమె భర్త రెండేళ్ల కింద చనిపోయాడు, ఇక్కడే పూడ్చారు. అతను ఫిబ్రవరిలో పుట్టాడు. పిల్లలు లేరు. తన ఊరు వెళ్తే అతని సమాధి ఇక్కడ ఒంటరిగా ఉంటుందని ఆగిపోయింది.

ప్రిమ్‌రోజ్ గురించి నాకు తెలిసినదంతా ఆమె చెప్పినదే. ఆ పేరుకు తొలి గులాబీ అని అర్థమట. పాత లాటిన్ మాటట. "కానీ అది గులాబీ జాతే కాదు. చలికాలం ఇంకా పోకముందే అన్నిటికంటే ముందు పూస్తుంది గనక ఎవరో గౌరవంగా ఆ పేరు పెట్టారు" అన్నది. వాళ్ల ఊళ్లో ఈ ఎరుపూ ఊదా ఉండవు. అడవి అంచున, కంచెల కింద, తడి గట్లమీద లేత వెన్న రంగులో పూస్తాయి. "ఇవన్నీ వేషాలు వేసుకున్నాయి" అని నా ట్రేలను చూసి పెదవి విరిచింది. మే నెల మొదలయ్యే ముందురోజు సాయంత్రం గడపల ముందు ఆ పూలు చల్లేవాళ్లట, కంటికి కనపడని దయ్యపు మూకలు లోపలికి రాకుండా. దగ్గుకూ నొప్పులకూ ఆకులూ వేళ్లూ కాచి తాగేవాళ్లట. పూలను చక్కెరలో ముంచి తినేవాళ్లట కూడా.

"ఇంకొకటి ఉంది" అంది ఒకరోజు. "ఈస్టర్‌కు ముందు ఒక ఆదివారం తల్లుల ఆదివారం. పెద్దిళ్లలో పనిచేసే ఆడపిల్లలకు ఆ ఒక్కరోజూ సెలవిచ్చేవాళ్లు. నడుచుకుంటూ ఇంటికి పోతూ దారిలో గట్లమీద ప్రిమ్‌రోజ్‌లు కోసి, ఉన్నిదారంతో కట్టి, తల్లికి ఇచ్చేవాళ్లు. మా అమ్మమ్మ అలా నడిచిన పిల్లే. నా చిన్నతనంలో మేమూ చర్చిలో ఇచ్చేవాళ్లం, అయితే మేం నడవలేదు, బస్సులో వెళ్లాం."

సెలవు దొరికిన పనిపిల్లలు పూలు కోసుకుంటూ ఇంటికి నడవడం నా కళ్లకు కట్టినట్టు కనిపించింది. నాకు రెండేళ్లకొకసారి సెలవు.

"నువ్వు పుట్టింది ఎప్పుడు?" అని అడిగింది మేడమ్.

"జూన్ ఒకటి."

ఆమె చిన్నగా నవ్వింది. "మా తోటమాలి కూడా జూన్ ఒకటే. మా పక్కింటి డ్రైవరు కూడా. నిజంగా ఎప్పుడు?"

"తెలియదు మేడమ్."

"మీ అమ్మగారికి తెలియదా?"

"అమ్మ లేదు. నాకు రెండేళ్లప్పుడే జ్వరంతో పోయింది. నాన్న కూడా లేడు. అక్క పెంచింది. నాకంటే పదేళ్లు పెద్దది."

"పదేళ్లంటే ఆమెకు గుర్తుంటుంది. అడిగి చూడు" అని లేచింది.

అక్క ఇంట్లో అప్పటికి ఫోను లేదు. పక్కన కిరాణా కొట్టుకు చేస్తే పిలిచేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం ఫోను కార్డు కొనుక్కుని చేశాను. అక్క పరుగెత్తుకొచ్చి ఆయాసపడుతూ ఫోను అందుకుంది. మంచిచెడ్డలు అయ్యాక అడిగాను.

"అక్కా, నేను పుట్టింది ఏ నెలల?"

లైను కట్టయిందనుకుని "హలో, హలో" అన్నాను.

"ఇన్పిస్తుంది. గిప్పుడు గదెందుకురా నీకు?"

"ఊరికెనే. ఈడ పనిల అడుగుతున్నరు."

"కాయితాల ఉన్నది గదా, గదే చెప్పు."

"గది కాదక్కా. నిజంగ."

"నాకేం యాదికున్నది? నేనే చిన్నపోరిని" అని, "పొయ్యి మీద కూర పెట్టొచ్చిన, మాడుతది" అంటూ పెట్టేసింది. మా అక్క నా ఫోను తానుగా ఎప్పుడూ పెట్టేసేది కాదు. కార్డులో ఆఖరి క్షణం దాకా మాట్లాడేది. కూర మాడినా మాట్లాడేది. ఆ వారమంతా మనసు ఒకచోట నిలవలేదు.

మరుసటి గురువారం సాయంత్రం నర్సరీ ఫోను మోగింది. ఎత్తితే అక్క. మా మేనల్లుడి స్నేహితుడి సెల్‌ఫోను తీసుకుని, ఊరి బయటి పొలం గట్టుకు వెళ్లి అక్కడి నుంచి చేస్తోంది. గాలి హోరు వినిపిస్తోంది.

"కొట్టుకాడ నలుగురుంటరు. గాడ చెప్పే ముచ్చట కాదు" అంది. "నువ్వు అడిగినవ్ గదా. వారం నుంచి నాకు బువ్వ సైసలే. చెప్తే ఏమైతదో, చెప్పకుంటే ఏమైతదో అని ఒక్కటే పరేషాన్."

"చెప్పక్కా."

"మోదుగు పూసినప్పుడు పుట్టినవ్. కామునిపున్నం ఇంకా రాలే. అమ్మ విస్తరాకులకు, రాలంగ మిగిలిన మోదుగాకు తెంపను పోయింది. నేనూ ఉన్న ఎంబడి. ఆడనే నొప్పులు వట్టినయ్. ఇంటికి తోల్కచ్చేటాళ్లకు పొద్దుగూకింది. నువ్వు పుట్టినవ్. మంచిగనే పుట్టినవ్."

అక్క ఫోను ఇంకో చెవికి మార్చుకున్నట్టు గరగర వినిపించింది.

"అమ్మ నీ రెండేండ్లప్పుడు పోలేదురా. నువ్వు పుట్టిన పదకొండో దినం పోయింది. నెత్తురు ఆగలే, జోరం తగ్గలే. దవాఖానకు ఏసుకపోయిన్రు గని..."

నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా గోడమీద పన్నెండు గళ్ల అట్ట.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నానమ్మ వద్దన్నది. ఊళ్లె నిన్ను తల్లిని మింగినోడన్నరు. నీళ్లకు వోతె ఆడోళ్లు అన్నరు. నీ చెవుల వడొద్దనే నాయిన మనల్ని తీస్కొని భివండికి వోయిండు. లేకుంటే నాయినకు ఊళ్లె మగ్గం లేదా? మళ్ల మనం ఊరికొచ్చేటాళ్లకు నువ్వు పెద్దగైనవ్. జనం మర్చిపోయిన్రు. నేనెట్ల చెప్పాలె? అమ్మ పోయిన కాయితం దవాఖానోళ్లు ఇచ్చింది నా పెట్టెల ఉన్నది. ఫిబ్రవరి అని ఉన్నది దాంట్ల. పదకొండు దినాలు ఎనుకకు లెక్కపెట్టు. గదీ నీ తారీఖు."

లెక్కపెట్టాను. అదీ ఫిబ్రవరిలోనే పడింది. ఆ తారీఖు ఇక్కడ రాయను. అంతకాలం ఎవరికీ చెప్పకుండా అక్క దాచినది, నేనిలా అందరిముందూ పెట్టలేను.

అక్క ఏడుస్తోంది. "నా మీద కోపం జెయ్యకురా" అంటోంది. కోపం లేదని చెప్పాను. నిజంగానే లేదు. ఏమీ లేదు. ఫోను పెట్టేసి, రోజూలాగే వాల్వు తిప్పి నీళ్లు వదిలి, ఒక్కొక్క వరసా చూసుకుంటూ వెళ్లాను. నీటి తొట్టి మూల దగ్గరికి వచ్చాను. మిగిలిన ప్రిమ్‌రోజ్ కుండీలు పదో పన్నెండో ఉన్నాయి. ప్రతిదానికీ నా రాతే వేలాడుతోంది. నువ్వు లేకుండా నేను బతకలేను. మరి నేను బతికానే. ఆమె లేకుండానే ముప్పై ఏళ్లు బతికాను, ఆమె ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా. నలభైసార్లు రాసిన ఆ వాక్యం ఆ సాయంత్రం చదవలేకపోయాను. చీటీలన్నీ తెంపి జేబులో కుక్కుకున్నాను.

మర్నాడు శుక్రవారమైనా మనామా వెళ్లలేదు. తలుపేసుకుని పడుకున్నాను. ఆ గదిలో అన్నేళ్లు ఒంటరిగా ఉన్నాను గానీ, నాతో నేను ఉండడానికి ఇబ్బంది పడింది అప్పుడే. చిన్నప్పటి సంగతులన్నీ తిరిగి చూసుకున్నాను. నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఎత్తుకున్నట్టు కూడా గుర్తులేదు. మరమగ్గం చప్పుడులో చెవులు పోయినవాడు, మాట తక్కువ, అనుకునేవాణ్ని. ఇప్పుడు అది వేరేలా కనిపించింది. ఏడాదికోసారి అమ్మ పేరున బియ్యమిచ్చే రోజున అక్క నన్ను ఏదో పని చెప్పి బయటికి పంపేది. పోయి ఎన్నేళ్లయిందో అయ్యవారు పైకి అడుగుతాడని కాబోలు.

వారం తర్వాత మేడమ్ వచ్చింది. చీటీలు లేని కుండీలు చూసి, నా ముఖం చూసి, "ఏమైంది?" అంది.

చెప్పాలనుకోలేదు. కానీ ఎవరికైనా చెప్పకపోతే ఆగేట్టు లేను. శుక్రవారాల మిత్రులకు చెబితే ఊరు చేరుతుంది. ఈమె మా ఊరి మనిషి కాదు. వచ్చిన హిందీలో మూడు ముక్కల్లో చెప్పాను. నాది ఫిబ్రవరి. నేను పుట్టిన పదకొండు రోజులకు అమ్మ పోయింది. నావల్లే పోయింది.

ఆమె "నీవల్ల కాదు" అనలేదు. అయ్యో అని కూడా అనలేదు. తొట్టి గట్టుమీద కూర్చుంది.

"పదకొండు రోజులు తెలివిలో ఉందా? నిన్ను చూసిందా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. అమ్మ పోవడమే విన్నాను. దానికి ముందు పదకొండు రోజులున్నాయన్నది లెక్కపెట్టడానికే తప్ప వేరేలా ఆలోచించలేదు.

"తెలియదు."

"అది కూడా మీ అక్కకే తెలుస్తుంది" అంది.

ఈసారి కొట్టుకు చేసి, సాయంత్రం ఆ సెల్‌ఫోను పట్టుకుని పొలం గట్టుకు రమ్మని అక్కకు కబురు చెప్పాను. ఆమె భయపడుతూనే వచ్చింది. ‘మళ్ల ఏమడుగుతడో’ అనుకుందట.

"అక్కా, అమ్మ నన్ను చూసిందా?"

"చూసుడేందిరా!" అక్క గొంతు ఒక్కసారి మారిపోయింది. "పదకొండు దినాలు నిన్ను కింద ఎయ్యనియ్యలే. నానమ్మ తీసుకుంటనంటే ఇయ్యకపోయేది. నేను ఎత్తుకుంటనని ఏడిస్తే, నా ఒళ్లె పెట్టి, తన చెయ్యి కింద ఆసరకు పెట్టేది, జారిపోతవని. నీ చెవులు జూసి నవ్వేది. ‘అచ్చం మా నాయిన చెవులే, ఇంత పెద్దగున్నయి, అందరి ముచ్చట్లు ఇంటడు వీడు’ అనేది. జోరం ఎక్కువైనంక గూడ, పక్కల తడిమి జూసుకునేది, ఉన్నవా లేవా అని."

"ఇంకా?"

"ఇంకేం చెప్పాలె..." అని, ఆగకుండా చెప్పింది. అమ్మకు చింతచిగురు ఇష్టమట. కోపమొస్తే పళ్లు కొరికేదట. మగ్గానికి నూలు కండెలు చుట్టేటప్పుడు ఏదో రాగం తీసేదట, మాటలు లేకుండా. అంతకుముందు ముప్పై ఏళ్లలో మా అక్క అమ్మ గురించి నాతో చెప్పింది నాలుగు వాక్యాలుంటాయేమో. చెబితే తేదీలు బయటపడతాయని, తెలియకుండానే అబద్ధం తడబడుతుందని, అమ్మ మాటే ఎత్తకుండా గడిపింది. ఆమెకు పదేళ్లప్పుడు పోయిన తల్లి గురించి మాట్లాడుకోవడానికి ఆమెకూ ఎవరూ లేరు. నేనే ఉన్నాను, నాతోనే మాట్లాడకూడదు. కార్డు అయిపోయింది. ఇంకొకటి గీరి మళ్లీ చేశాను. అదీ అయిపోయింది.

ఆ రాగం ఎలా ఉంటుందో పాడమని అడిగాను. పొలం గట్టుమీద నిలబడి అక్క కొంచెం పాడింది. సిగ్గుపడి ఆపేసింది.

ఏప్రిల్ వచ్చేసరికి ఆ పూలన్నీ మాడిపోయాయి. ఎంత నీడలో పెట్టినా ఆ ఎండకు నిలవవు. పుట్టిన నెల పూల వ్యాపారం కూడా ఆ ఏడాదితో ఆగిపోయింది, యజమాని కూతురికి పెళ్లి కుదిరింది. అట్ట చాలాకాలం గోడకే ఉండి, రంగు వెలిసి, ఒకరోజు కూలరు గాలికి ఊడిపడింది.

మేడమ్ ఇంకో చలికాలం దాకా ఉంది. మోకాళ్లు పనిచేయక, చెల్లెలు పిలిస్తే వాళ్ల దేశం వెళ్లిపోయింది. వెళ్లేముందు నన్ను తీసుకుని భర్త సమాధి దగ్గరికి వెళ్లింది. ఆ ఉప్పు నేలలో ఏ మొక్క బతుకుతుందో చెప్పమంది. ఎడారి గులాబీ నాటాను, నెలకు రెండుసార్లు నీళ్లుంటే చాలు. సెలవు రోజుల్లో నేను పోసేవాణ్ని. నేనున్నంతకాలం అది బతికే ఉంది. తర్వాత సంగతి తెలియదు. ఆమె దగ్గరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ల ఊళ్లో వాన పడుతోందని రాసింది.

అక్క మరుసటి ఫిబ్రవరిలో ఆ రోజున నాకు ఫోను చేసింది. శుభాకాంక్షలూ అవీ చెప్పడం ఆమెకు చేతకాదు. "తిన్నవా?" అంది. "ఏం తిన్నవ్?" అంది. "ఇయ్యాల జర మంచిది వండుకోని తినరాదురా" అంది. ముప్పై రెండో ఏట నాకు జరిగిన మొదటి పుట్టినరోజు అంతే. కోడికూర వండుకుని, గది గడపలో కూర్చుని ఒక్కణ్నే తిన్నాను. బాగానే ఉందనిపించింది. మరో మనిషి పక్కనుంటే ఇంకా బాగుండేదని కూడా అనిపించింది.

ఆ తర్వాతి శుక్రవారం మేస్త్రీ కాకకు ఈ సంగతి చెప్పాను, అమ్మ విషయం తప్పించి. నా అసలు నెల దొరికిందన్నాను. ఈసారీ నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. బస్టాండు బెంచీ మీద ఆయన పక్కన ఉల్లిగడ్డల సంచీ ఉంది. దాని తాడును ముడి వేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

"మంచిగయింది" అన్నాడు. "నీకు అక్క ఉన్నది."

"నువ్వు గూడ అడుగు కాకా. ఊళ్లె ఎవరికన్న యాదికుంటది."

"ఎవల్నడగాలె తమ్మీ? నేనే మా ఇంట్ల చిన్నోన్ని. నాకంటే ముంగటోళ్లు అందరు పోయిన్రు. అన్న పోయిండు, పెద్దక్క పోయింది. మంత్రసాని ఎప్పుడో పోయింది. నేను ఎప్పుడు పుట్టిన్నో తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కలు లేరు."

ఏదో ఒకటి అనాలి కదా అని, "మనమే ఒక మంచి నెల జూసి పెట్టుకుందం. నీకు ఏ పువ్వు కావాలో చెప్పు" అన్నాను.

"ఒక అబద్ధం తారీఖు ఉన్నది. ఇంకోటెందుకు?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

నా బస్సు వచ్చింది. కాక చెయ్యి ఊపాడు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన బెంచీ మీదే ఉన్నాడు. ఆయన క్యాంపుకు వెళ్లే బండి అప్పుడే వచ్చేది కాదు.